ఓమ్ నియమం పాఠంలో సూత్రం చివరికి రావాలి

పదో తరగతిలో విద్యుత్తు పాఠం మొదలైన వారానికే, ఓమ్ నియమం ఏమిటని అడిగితే పిల్లలు ‘వి ఈక్వల్స్ ఐఆర్’ అని ఠక్కున చెప్పేస్తారు. పరీక్షలో లెక్క చేయడానికి అది చాలు. తీగలో ఏం జరుగుతోందో తెలియడానికి చాలదు. పిల్లవాడికి లెక్కతో పాటు విషయమూ పట్టుబడిందా లేదా అన్నది ఆ పాఠం క్లాసులో ఏ వరసలో నడిచిందన్న దాన్నిబట్టి ఉంటుంది. హైస్కూలు భౌతిక, రసాయన శాస్త్ర పాఠాల్లో చాలావాటికి ఈ మాట వర్తిస్తుంది. ఇక్కడ ఓమ్ నియమం ఒక్కదాన్నే తీసుకుని చూద్దాం.

నియమం చెప్పేది ఇది. ఒక తీగ రెండు కొసల మధ్య పొటెన్షియల్ భేదం (వాడుకలో ఓల్టేజి) పెంచితే, అందులో పారే కరెంటు కూడా అదే నిష్పత్తిలో పెరుగుతుంది. ఓల్టేజి రెట్టింపు చేస్తే కరెంటూ రెట్టింపవుతుంది. ఓల్టులను ఆంపియర్లతో భాగిస్తే ప్రతిసారీ దాదాపు ఒకటే అంకె వస్తుంది. ఆ అంకే తీగ నిరోధం (కరెంటుకు తీగ ఎంత అడ్డుపడుతోందో చెప్పే కొలత). తీగ ఉష్ణోగ్రత మారకుండా ఉన్నప్పుడే ఇది నిజం. నియమానికి ఈ షరతు ప్రాణం. జవాబు రాసేటప్పుడు పిల్లలు ఎక్కువగా వదిలేసేదీ దీన్నే.

పాఠానికి వచ్చేసరికి పిల్లల తలలు ఖాళీగా ఉండవు. ఒక బల్బుకు ముందొక అమ్మీటరు (కరెంటును కొలిచే పరికరం), వెనకొక అమ్మీటరు పెడితే రెండో దానిలో ఎంత చూపిస్తుందని అడగండి. ‘తక్కువ చూపిస్తుంది, బల్బు కొంత వాడేసుకుంటుంది కదా’ అనే జవాబు తప్పకుండా వినిపిస్తుంది. ఇది మన పిల్లల్లో మాత్రమే ఉన్న పొరపాటు కాదు. రోజలిండ్ డ్రైవర్, మరో ఇద్దరి సంపాదకత్వంలో 1985లో వచ్చిన ‘చిల్డ్రన్స్ ఐడియాస్ ఇన్ సైన్స్’ అనే పుస్తకం ఇలాంటి సొంత ఊహలను సబ్జెక్టువారీగా చర్చించింది. ఆ ఊహను బయటికి రప్పించకుండా సూత్రం చెబితే, సూత్రం నోటుపుస్తకంలో ఉంటుంది, ఊహ మనసులో అలాగే ఉండిపోతుంది.

అందుకే మొదట జవాబులన్నీ బోర్డు మీద రాయించాలి. ఆ తర్వాతే స్విచ్చి వేయాలి. రెండు అమ్మీటర్లూ ఒకే రీడింగు చూపించగానే క్లాసులో వాదన మొదలవుతుంది. కరెంటు ఖర్చు కాకపోతే మరి వెలుగు ఎక్కడిది? సైకిలు చైను సంగతి ఇక్కడ పనికొస్తుంది. తొక్కిన శక్తి వెనక చక్రానికి చేరుతుంది గానీ చైను తరిగిపోదు. అలాగే బల్బులో ఖర్చయ్యేది శక్తి. తీగలో తిరిగే ఆవేశం (ఎలక్ట్రాన్లు మోసే విద్యుత్తు) ఖర్చు కాదు. ఈ ఒక్క సంగతికి పది నిమిషాలు పోయినా విచారించనక్కర్లేదు.

తరవాత కొలతలు. బ్యాటరీ సెల్లులు, ప్లగ్ కీ, అమ్మీటరు, ఓల్టుమీటరు, నిక్రోమ్ తీగ కావాలి. అమ్మీటరును శ్రేణిలో (ఒకే దారిలో వరసగా), ఓల్టుమీటరును సమాంతరంగా (తీగ రెండు కొసలకు పక్కదారిగా) కలపాలి. నిక్రోమే ఎందుకు? చేతికందిన సైకిలు చువ్వ ముక్క చాలదా అనిపిస్తుంది. చాలదు. 2 మిల్లీమీటర్ల మందం, 10 సెంటీమీటర్ల పొడవు ఉన్న ఉక్కు చువ్వ నిరోధం ఓమ్‌లో వందో వంతు కూడా ఉండదు. దాన్ని కలిపితే సెల్లులు దాదాపు షార్ట్ అయినట్టే. వైర్లు వేడెక్కుతాయి, ఓల్టుమీటరు ముల్లు సరిగా కదలదు, ప్రయోగం ఫెయిలైందని పిల్లలు అనుకుంటారు. 0.4 మిల్లీమీటర్ల మందం ఉన్న నిక్రోమ్ తీగ మీటరు పొడవుకు దాదాపు 9 ఓమ్‌లు ఇస్తుంది. స్కూలు మీటర్లతో చదవడానికి అది బాగా సరిపోతుంది.

అప్పుడు రీడింగులు ఇలా ఉండొచ్చు. ఒక సెల్లుతో 1.4 ఓల్టులు, 0.16 ఆంపియర్లు. రెండు సెల్లులతో 2.8, 0.31. మూడింటితో 4.1, 0.46. భాగిస్తే 8.75, 9.03, 8.91 వస్తాయి. సరిగ్గా 9 ఒక్కసారీ రాలేదు. ఇక్కడే కొందరు పిల్లలు రబ్బరు తీసి అంకెలు దిద్దుతారు. దిద్దితే మార్కులొస్తాయని వాళ్లకు మనమే నేర్పాం. అది మాన్పించడం టీచరు చేతిలో పని. ఆ తేడాలకు కారణాలున్నాయి. మీటరు గీతల మధ్య ముల్లు ఎక్కడుందో చూసి అంచనా వేసుకోవాలి. ముల్లును పక్కనుంచి చూస్తే రీడింగు మారిపోతుంది. ఇక మూడు సెల్లులకు 4.5 ఓల్టులు రావాల్సింది 4.1 ఎందుకొచ్చిందంటే, కరెంటు ఇచ్చేటప్పుడు కొంత ఓల్టేజి సెల్లు అంతర్నిరోధం (సెల్లు లోపలే ఉండే అడ్డు) దగ్గరే పోతుంది. సెల్లు పాతబడేకొద్దీ ఇది ఎక్కువవుతుంది.

ఓమ్‌ను కూడా ఇబ్బంది పెట్టింది ఇలాంటి చిక్కే. గేయార్గ్ జిమోన్ ఓమ్ జర్మనీలోని కొలోన్ నగరంలో హైస్కూలు పంతులు. అప్పటి బ్యాటరీలు కరెంటును నిలకడగా ఇచ్చేవి కావు. భౌతిక శాస్త్రవేత్త పోగెన్‌డార్ఫ్ సలహాతో ఓమ్ బ్యాటరీని వదిలి ఉష్ణయుగ్మం (రెండు లోహాలు కలిసే చోట్ల మధ్య వేడిలో తేడా వల్ల ఓల్టేజి ఇచ్చే జోడీ) పట్టుకున్నారు. రాగి, బిస్మత్ కలిసే ఒక చోటును మరిగే నీటి వేడిలో, ఇంకో చోటును మంచు చల్లదనంలో ఉంచారు. ఓల్టేజి నిలకడగా వచ్చాక తీగల పొడవు మారుస్తూ కొలిచారు. ఫలితాలతో పుస్తకం 1827లో వచ్చింది. లండన్ రాయల్ సొసైటీ కోప్లీ పతకం ఇచ్చింది మాత్రం 1841లో. పిల్లలకు ఈ కథ రీడింగుల పట్టిక పూర్తయ్యాక చెబితే బాగా అందుతుంది. వాళ్ల చేతిలోని సెల్లు కూడా అప్పుడే దిగజారి ఉంటుంది.

రీడింగులను గ్రాఫు కాగితం మీద గుర్తిస్తే సరళరేఖ వస్తుంది. సూత్రం రాయాల్సింది ఆ తర్వాతే. ఆ వెంటనే ఒక ఎర్ర ఎల్‌ఈడీని రక్షణగా ఒక రెసిస్టరుతో కలిపి చూపిస్తే పాఠం ఇంకా బలపడుతుంది. ఒక సెల్లుతో అది వెలగదు, రెండింటితో వెలుగుతుంది. ఎల్‌ఈడీ కొసల మధ్య ఓల్టేజిని కరెంటుతో భాగిస్తే ప్రతిసారీ వేరే అంకె. అంటే ఈ నియమం పాటించని వస్తువులూ ఉన్నాయి. వీటిని అఓమీయ వాహకాలు (ఓమ్ నియమానికి లోబడనివి) అంటారు.

ఇదంతా ఇప్పుడు గుర్తుచేయడానికి కారణం ఉంది. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ హైస్కూళ్లలోకి 2023 నుంచి ఇంటరాక్టివ్ ప్యానెళ్లు (ముట్టుకుంటే స్పందించే పెద్ద తెరలు) వచ్చాయి. ఎలక్ట్రాన్లు ఎటు కదులుతాయో బొమ్మగా చూపించడానికి అవి నిజంగా మేలైనవి. కానీ వీడియోలో ప్రయోగం ఐదు నిమిషాల్లో ముగుస్తుంది, అంకెలు ఎప్పుడూ అచ్చంగా కుదురుతాయి. ఇంకోవైపు ప్రైవేటు బడుల్లో ఐఐటీ ఫౌండేషన్ పేరిట లెక్కల జోరు. రెండు చోట్లా జరిగే నష్టం ఒకటే. పిల్లవాడు తప్పుగా కలిపి, ముల్లు వెనక్కి కొట్టుకోవడం చూసి, ప్లస్ మైనస్ తిప్పి మళ్లీ కలిపే సమయం పోతుంది.

ఆ సమయం 45 నిమిషాల ఒక్క పీరియడ్‌లో దొరకదు. సామాను పంచేసరికే పావుగంట పోతుంది. వారంలో ఒక్కరోజైనా భౌతిక రసాయన శాస్త్రానికి రెండు పీరియడ్లు వరసగా ఇవ్వడం హెడ్మాస్టరు టైంటేబుల్లో చేయగలిగిన మార్పు. దానికి కొత్త సామాను అక్కర్లేదు. తల్లిదండ్రులు చూడాల్సింది నోటుపుస్తకంలో ఓమ్ నియమం పేజీ. అక్కడ పట్టిక ఉందా, అందులో 8.75, 9.03 లాంటి అంకెలున్నాయా, లేక క్లాసు మొత్తానికీ ఒకేలా 9, 9, 9 అని ఉందా చూడండి. తొమ్మిదులే కనిపిస్తే, మళ్లీ టీచర్ల సమావేశానికి వెళ్లినప్పుడు ప్రయోగం ఎవరి చేత్తో జరిగిందో అడగండి.