పిలుపే పేరైన దేవుడు – రోమనుల జూపిటర్

గురువారం ఉదయం నవగ్రహ మండపం వద్ద రద్దీ ఎక్కువ. గురుగ్రహానికి పసుపు వస్త్రం, శనగలు సమర్పించి ప్రదక్షిణలు చేసే భక్తులలో చదువుకునే పిల్లలు అప్పుడప్పుడు ఒక ప్రశ్న వేస్తుంటారు. "పంతులుగారూ! మన బృహస్పతినే కదండీ పాశ్చాత్యులు జూపిటర్ అంటారు?" గ్రహం విషయంలో అవుననే చెప్పాలి. మనకు గురువారమైన రోజును రోమనులు కూడా జూపిటర్ దినమనే పిలిచారు. అయితే దేవత విషయానికి వస్తే సమాధానం వేరు. జూపిటర్ అనే పేరుకు చుట్టం బృహస్పతి కాదు, వేదంలోని ద్యౌష్పిత. ఈ చుట్టరికం ఎలాంటిదో, ఆ దేవుణ్ణి రోమనులు ఎలా కొలిచారో, ఆ కొలుపు ఎలా ఆగిపోయిందో తెలుసుకోవడం మనకు అవసరమే.

ఒక తల్లి బిడ్డలైన మాటలు

'దివ్' ధాతువుకు ప్రకాశించడమని అర్థం. దేవ శబ్దం అందులో నుంచి వచ్చినదే. 'ద్యౌః' అంటే వెలుగుతో నిండిన ఆకాశం. లాటిన్ భాషలో పగటికి 'డియెస్' అని, దేవుడికి 'డేయుస్' అని పేర్లు. గ్రీకులు తమ దేవుణ్ణి 'జ్యూస్ పాతేర్' అన్నారు. రోమనులు 'జూపిటర్' అన్నారు. మూడింటికీ అర్థం ఒక్కటే: ఆకాశమనే తండ్రి. 1786లో కలకత్తాలో సర్ విలియం జోన్స్ సంస్కృతం, గ్రీకు, లాటిన్ భాషలు ఒకే మూలం నుంచి వచ్చి ఉండాలని ప్రతిపాదించారు. తరువాతి పండితులు దానికి చూపిన సాక్ష్యాలలో ఈ దేవతానామం ముఖ్యమైనది. ఒక భాష నుంచి మరొకటి పుట్టిందని దీని అర్థం కాదు. అవి ఒక తల్లి బిడ్డలని మాత్రమే అర్థం.

వ్యాకరణం తెలిసినవారికి ఆనందం కలిగించే విశేషం ఇంకొకటి ఉంది. జూపిటర్ అనే రూపం సంబోధన నుంచి వచ్చింది. మిగిలిన విభక్తులలో ఆ పేరు 'జోవిస్' వంటి రూపాలు పొందుతుంది. అంటే "ఓ ఆకాశ తండ్రీ!" అని తరతరాలుగా పిలువగా పిలువగా ఆ పిలుపే పేరుగా స్థిరపడింది.

పేరు ఒకటైనంత మాత్రాన స్థానం ఒకటి కాదు. ఋగ్వేదంలో ద్యౌః దేవతకు విడిగా ఒక్క సూక్తమైనా లేదు. పృథివితో జంటగా ద్యావాపృథివులను స్తుతించే సూక్తాలు ఆరు ఉన్నాయి. మనకు వజ్రం పట్టి వర్షాన్ని విడిపించేవాడు ఇంద్రుడు. రోమ్‌లో ఆకాశమూ జూపిటరే, పిడుగూ ఆయనదే, వానా ఆయనదే. పేరులో ద్యౌః, పనిలో ఇంద్రుడు, వారంలో బృహస్పతి అని గుర్తు పెట్టుకుంటే పొరపాటు రాదు.

కొండ మీది గుడి

రోమ్ నగరంలోని కాపిటోలైన్ కొండ మీద జూపిటర్ ప్రధానాలయం ఉండేది. టార్క్విన్ వంశపు రాజులు ప్రారంభించిన ఈ ఆలయం, రాజరికం పోయి గణతంత్రం వచ్చిన క్రీ.పూ. 509లో ప్రతిష్ఠ పొందిందని రోమనుల సంప్రదాయం. 'సర్వోత్తముడు, సర్వాధికుడు' అని అక్కడి స్వామికి బిరుదు. గర్భగృహాలు మూడు. నడుమ జూపిటర్, ఇరువైపులా ఆయన పత్ని జూనో, జ్ఞానదేవత మినర్వా. క్రీ.పూ. 83లోను, క్రీ.శ. 69లోను, 80లోను ఆ గుడి అగ్నికి ఆహుతైంది. మూడు సార్లూ ఆ స్థలంలోనే తిరిగి కట్టారు.

ఆ గుడిలో ఒక చిన్న వింత ఉంది. నిర్మాణం కోసం అక్కడ అంతకు ముందున్న దేవతలను వేరే చోటికి తరలించబోగా, పొలిమేరలకు అధిదేవత అయిన టెర్మినస్ కదలడానికి అంగీకరించలేదట. ఆయన రాతిని గుడి లోపలే ఉంచి, దానిపై కప్పులో ఆకాశం కనబడేలా రంధ్రం విడిచిపెట్టారు. సరిహద్దు రాయి ఆకాశం కిందనే ఉండాలని వారి నియమం.

రోమన్ మాసంలో 'ఈడ్స్' అనే దినం, అంటే 13వ లేదా 15వ తేదీ, జూపిటర్‌కు పవిత్రం. మొదట్లో అది పున్నమి రోజు. ఆనాడు తెల్లని గొర్రెను బలి ఇచ్చేవారు. యుద్ధం గెలిచిన సేనాని నాలుగు గుర్రాల రథం మీద స్వామి వేషంతో ఊరేగి ఈ కొండ ఎక్కేవాడు. గుడికి చేరగానే విజయసూచకమైన ఆకులను స్వామికి అర్పించాలి. ఒక్క పూట దేవుడి వేషం వేసినా గెలుపు తనది కాదని ఒప్పుకొని దిగిరావలసిందే.

ఒప్పందాలకు సాక్షి కూడా ఆయనే. సంధి చేసుకునేటప్పుడు పురోహితుడు చెకుముకి రాతితో పందిని కొట్టి, మాట తప్పితే జూపిటర్ మమ్మల్ని ఇలాగే కొట్టుగాక అని ప్రమాణం చేసేవాడు. వానలు కురవకపోతే స్త్రీలు పాదరక్షలు లేకుండా, జుట్టు విరబోసుకొని, నిర్మలమైన మనస్సుతో కొండ ఎక్కి స్వామిని నీరు అడిగేవారని పెట్రోనియస్ రచనలో ఒక పాత్ర గుర్తు చేసుకుంటుంది. ఎండిన చెరువు గట్టున నిలిచి వరుణ జపం చేసినవారికి ఆ దృశ్యం కొత్తగా తోచదు.

అర్చకుని నియమాలు

నన్ను ఎక్కువగా ఆలోచింపజేసినది గుడి కాదు, జూపిటర్ అర్చకుడైన 'ఫ్లామెన్ డియాలిస్' జీవితం. క్రీ.శ. రెండవ శతాబ్దపు రచయిత ఔలస్ జెల్లియస్ ఆయన నియమాలను వివరంగా రాశాడు. ఆయన గుర్రమెక్కరాదు. ఆయుధాలు ధరించి నిలిచిన సేనను చూడరాదు. ప్రమాణం చేయరాదు. వస్త్రంలో ఎక్కడా ముడి ఉండరాదు. పచ్చి మాంసం, మేక, చిక్కుడు జాతి గింజలు తాకరాదు, పేరెత్తరాదు. తల మీద టోపీ లేకుండా ఆరుబయటికి రారాదు. కత్తిరించిన గోళ్లను, వెంట్రుకలను శుభవృక్షం కింద పూడ్చాలి. తన మంచం విడిచి వరుసగా మూడు రాత్రులు బయట గడపరాదు.

కాళ్లకు, చేతులకు బంధాలున్న మనిషి ఆయన ఇంట అడుగుపెడితే వెంటనే విప్పించాలి. ఆ బంధాలను కప్పు మీదుగా వీధిలోకి విసరాలి. కొరడా దెబ్బలకు తీసుకుపోతున్నవాడు ఆయన కాళ్ల మీద పడితే ఆ రోజు అతన్ని కొట్టరాదు. నియమాలన్నీ ఆయనను కట్టివేసేవే. ఆయన సన్నిధి మాత్రం ఇతరుల కట్లు విప్పేది.

భార్యకు కూడా అర్చకత్వంలో భాగం ఉంది. విడాకులు లేవు. ఆమె మరణిస్తే ఆయన పదవి వదులుకోవాలి. పత్ని పక్కన లేనిదే యజ్ఞదీక్షకు అర్హత లేదని చెప్పే మన శాస్త్రం చదివినవారికి ఇది వెంటనే బోధపడుతుంది.

ఖాళీ పడిన పీఠం

క్రీ.పూ. 87లో అంతర్యుద్ధపు అల్లకల్లోలంలో మెరులా అనే ఫ్లామెన్ ప్రాణత్యాగం చేశాడు. టోపీతో చనిపోతే దోషమని ముందుగా దాన్ని తీసి పెట్టి, ఆ సంగతి పలక మీద రాసి ఉంచాడట. చివరి ఘడియలోనూ నియమం తప్పలేదు. ఆ స్థానానికి పిన్న వయసులోని జూలియస్ సీజర్ పేరు అనుకున్నారు గానీ అది నిలవలేదు. ఆ తరువాత క్రీ.పూ. 11లో అగస్టస్ కాలంలో గానీ కొత్త ఫ్లామెన్ రాలేదు. డెబ్బై అయిదేళ్లకు పైగా పీఠం ఖాళీ! పూజలను ఇతర పురోహితులు జరిపించారు, కొండ మీద గుడి నిలిచే ఉంది. కానీ ఆ వ్రతం పట్టిన మనిషి లేడు. క్రీ.శ. 22లో ఒక ఫ్లామెన్ రాష్ట్రపాలన పదవి కోరితే, రోమ్ విడిచి వెళ్లరాదని నిరాకరించారు. మరుసటి ఏడు, అర్హులు దొరకడం కష్టమైనందున అర్చకుని భార్యకు సంబంధించిన ఒక నిబంధనను సడలించారు.

ఈ భాగం చదివినప్పుడు పుస్తకం మూసి కొంతసేపు కూర్చున్నాను. మా అర్చక కుటుంబాలలోనూ ఎంతమంది పిల్లలు ఈ వృత్తిలోకి వస్తున్నారు? నియమం బిగిస్తే రావడానికి జంకుతారు. సడలిస్తే ఏది మిగులుతుందోనన్న భయం. రోమ్ పెద్దలకు ఎదురైన ఈ చిక్కు మాకు పరాయిది కాదు. నాకు తోచినది ఇంతే: ఇబ్బందిని బట్టి సడలించదగినవి కొన్ని ఉంటాయి. శరణన్నవాడి కట్లు విప్పే నియమం వంటివి మాత్రం ఎన్నటికీ సడలించరానివి.

క్రీ.శ. 382లో గ్రేషియన్ చక్రవర్తి పాత దేవతల పూజలకు రాజ్యం ఇచ్చే ధనాన్ని ఆపివేశాడు. 391, 392లలో థియోడోసియస్ శాసనాలు బలులను, ఆలయ పూజలను నిషేధించాయి. నేడు ఆ కొండ మీద కాపిటోలైన్ మ్యూజియంలో ఆ గుడి పునాది గోడల రాళ్లు సందర్శకులకు కనిపిస్తాయి. పేరు గ్రహానికి ఉంది, పిలిచేవారు లేరు. పిలుపే పేరైన దేవుడికి ఇంతకు మించిన మౌనం ఏముంటుంది?

కాబట్టి పాఠకులారా! ఈ గురువారం మీ పిల్లలు జూపిటర్ ఎవరని అడిగితే గ్రహమని చెప్పి ఊరుకోకండి. ఆరుబయటికి తీసుకువెళ్లి ఆకాశాన్ని చూపించండి. వేల ఏళ్ల క్రితం సంస్కృతానికీ, లాటిన్‌కూ మూలమైన భాష ఒకటిగా ఉన్న రోజుల్లో మనుషులు దానినే తండ్రీ అని పిలిచారని చెప్పండి. తరువాత లోపలికి వచ్చి దీపం వెలిగించి, మీ ఇంటి దేవుణ్ణి ఒక్కసారి నోరారా పేరు పెట్టి పిలవమనండి. పిలిచే నోరు ఉన్నంత కాలమే కొలుపు నిలుస్తుంది.