దొర వెంట దుబాసి

ఈస్టిండియా కంపెనీ రోజుల్లో మద్రాసుకు ఓడరేవు లేదు. ఓడ ఒడ్డుకు దూరంగా సముద్రంలోనే లంగరు వేసేది. కొబ్బరిపీచు తాళ్లతో పలకలు కుట్టిన మసూలా పడవలెక్కి, అలల మీద ఎగిరెగిరి పడుతూ తెల్లవాళ్లు ఒడ్డుకు చేరేవారు. ఇసుకలో కాలు పెట్టీ పెట్టగానే ఎదురయ్యే మనిషి దుబాసి. 1810లో అక్కడ దిగిన మరియా గ్రాహం అనే రచయిత్రి, దుబాసీలూ నౌకర్లూ కలిసి వందమందికి పైగా తమను చుట్టుముట్టారని రాసుకుంది. ఇల్లు, పల్లకీ, పనివాళ్లు, నాణేల మారకం, ఏది కావాలన్నా దుబాసే చూసేవాడు.

ద్విభాషి అన్న మాటే వాడుకలో అరిగి దుబాసి అయింది. రెండు భాషలు వచ్చినవాడని అర్థం. అయితే భాష అతని పనిలో ఒక వంతే. బేరమాడేది అతనే, కొత్తగా వచ్చిన కుర్ర ఉద్యోగికి అప్పిచ్చేదీ అతనే. కొన్న ప్రతి సరుకు మీదా దస్తూరీ, అంటే కమీషను, పుచ్చుకునేవాడు. అందుకే దుబాసీలకు మోసగాళ్లన్న పేరు వచ్చింది. అందులో నిజం లేకపోలేదు: అవధానం పాపయ్య అనే దుబాసికి 1792లో కుట్ర కేసులో శిక్ష పడింది. కానీ ఆ చెడ్డపేరు రాసిపెట్టినవాళ్లలో ఎక్కువమంది దుబాసి లేనిదే పూట గడవని దొరలే. ఆ సంగతీ మనం గుర్తుంచుకోవాలి.

దుబాసి విలువ తెలియాలంటే ఏలూరు కుర్రవాడు కావలి వెంకట బొర్రయ్య కథ చూడాలి. సర్వే అధికారి కాలిన్ మెకంజీ మన ఊళ్ల చరిత్రలు పోగుచేయించాడు, కానీ అతనికి మన భాషలు రావు. 1796 ప్రాంతంలో బొర్రయ్య అతని కొలువులో చేరాడు. ఊళ్ల చరిత్ర సేకరించడమంటే మాటలు కాదు. ముందు కరణం దగ్గర కూర్చోవాలి. పన్ను పెంచడానికి వచ్చారేమోనని అతనికి అనుమానం. అది పోగొట్టి ఊరి లెక్కలు రాసిన కవిలె కట్ట విప్పించాలి, గుడి గోడ మీది శాసనం ఎత్తి రాయాలి, ముసలివాళ్లు చెప్పిన కథ వినాలి. ఏ ఊళ్లో ఎవరిని అడగాలో, ఎలా అడగాలో దొరకేం తెలుసు? పాత కన్నడ లిపి శాసనాలు చదివే దారి దొరికింది కూడా బొర్రయ్య వల్లే. తన పనికి అసలు దారి చూపింది అతనేనని మెకంజీ తర్వాత ఉత్తరంలో ఒప్పుకున్నాడు. బొర్రయ్య 1803లో, ముప్ఫై నిండకుండానే పోయాడు.

1816లో థామస్ హికీ గీసిన మెకంజీ చిత్రంలో ఎర్రకోటు దొర పక్కన ముగ్గురు భారతీయులు నిలబడి ఉంటారు. ఒకరి చేతిలో తాటాకులు, ఒకరి చేతిలో దుర్భిణి. ఆ ముగ్గురిలో బొర్రయ్య తమ్ముడు లక్ష్మయ్య ఒకడని పరిశోధకులు గుర్తించారు. 1821లో మెకంజీ చనిపోయాక, ఆ పని తాను కొనసాగిస్తానని లక్ష్మయ్య అర్జీ పెట్టుకున్నాడు. స్థానికుడి వల్ల అంత పని కాదని కలకత్తాలో ఏషియాటిక్ సొసైటీ కార్యదర్శి జేమ్స్ ప్రిన్సెప్ తోసిపుచ్చాడు. ఏళ్ల తరబడి ఆ పనే చేసిన మనిషికి ఇచ్చిన జవాబు అది! ఇప్పటికీ మనసు చివుక్కుమంటుంది. ఈనాడు మన ఊళ్ల చరిత్ర కోసం తిరగేసే కైఫీయత్తులు ఇలాంటివాళ్లు ఊరూరా తిరిగి పోగుచేసినవే.

ఆ రోజుల్లోనే మద్రాసు సుప్రీంకోర్టులో ఏనుగుల వీరాస్వామయ్య దుబాసీగా పనిచేసేవాడు. 1830 మే నెలలో పరివారంతో కాశీకి బయల్దేరి, మరుసటి ఏడు సెప్టెంబరులో ఇల్లు చేరాడు. ఏ మజిలీలో అంగళ్లున్నాయో, ఎక్కడ మంచినీళ్లు దొరుకుతాయో, దారి ఎలాంటిదో ఎప్పటికప్పుడు మిత్రుడికి ఉత్తరాలు రాశాడు. ఇన్నాళ్లూ ఇంకొకరి మాటను అటూ ఇటూ చేరవేసిన మనిషి, తాను చూసింది తన తెలుగులో చెప్పాడు. ఆ ఉత్తరాలే 1838లో కాశీయాత్ర చరిత్రగా అచ్చయ్యాయి.