వడ్డించునామె కంచము

జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతములలో ఒకరినొకరు పలుకరించుకొను తీరు ఒకటి కలదు. బాగున్నారా అని అడుగుటకు ముందే "తిన్నవా?" అని అడుగుదురు. బస్సు దిగిన చుట్టమైనను, పొలమునుండి వచ్చిన కూలిమనిషియైనను, త్రోవలో ఎదురైన పొరుగింటి పిల్లవాడైనను ముందుగా వినునది ఈ మాటయే. దానిలో ఎంత ఆప్యాయత ఉన్నదో ఈ ప్రాంతమువారికి వేరుగా చెప్పనక్కరలేదు. అయితే దినమునకు పదిమందిని ఇట్లు అడుగు ఇల్లాలు తన్ను తాను ఒక్కమారైన అడుగుకొనునా? ఇంకెవరైన అడిగినను "తింటి, తింటి" అని, తినకయే బదులు చెప్పి, చీపురు చేతబట్టును. ఆ తినని తిండిని గురించియు, దాని వెనుకనున్న మనస్సును గురించియు ఇచ్చట కొంత ముచ్చటింపదలచితిమి.

సారంగాపూర్ జగిత్యాల జిల్లాలోని మండల కేంద్రము. 2016 అక్టోబరులో జగిత్యాల ప్రత్యేక జిల్లా అగువరకు ఇది కరీంనగర్ జిల్లాలోనిది. చుట్టుపట్ల వరి, మొక్కజొన్న, పసుపు, నువ్వులు పండును. నాటు వేయుటకును, కలుపు తీయుటకును వంగు నడుములు ఎక్కువగా ఆడువారివే. పొలముపని లేని దినములలో బీడీల చాట ఒడిలోనికి వచ్చును. ఈ మూడు పట్టణముల చుట్టునున్న పల్లెలలో ఎన్నో కుటుంబములకు ఆ చాటయే ఆధారము. తునికాకును తడిపి, కొలతకు కత్తిరించి, తంబాకు పోసి, చుట్టి, మూతి మడిచి, దారము కట్టవలెను. కూలి వేయింటి లెక్కన. అన్నమునకు లేచిన అరగంటలో ఎన్ని బీడీలు తగ్గునో ఆ వ్రేళ్లకు తెలియును. అందుచేత ఆకలియైనపుడు అన్నమునకు బదులు చాయ వచ్చును. చాయతో ఆకలి అణగునుగాని తీరదు. పైపెచ్చు చాయలోని వగరు పదార్థము, అన్నముతోబాటు కడుపులోనికి పోయిన ఇనుమును రక్తమునకు అందనీయక అడ్డుపడును. భోజనమునకును చాయకును నడుమ ఒక గంటయైన ఎడముండవలెనని వైద్యులు చెప్పుట ఇందుకే.

2019-21 సంవత్సరములలో జరిగిన అయిదవ జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, తెలంగాణమున 15 మొదలు 49 ఏండ్లలోపు స్త్రీలలో నూటికి 57 మందికి పైగా రక్తహీనత కలవారని తేలినది. అదే సర్వేలో నూటికి సుమారు 19 మంది ఉండవలసిన బరువుకన్న తక్కువగాను, నూటికి సుమారు 30 మంది ఎక్కువగాను ఉన్నారు. ఈ రెండు లెక్కలను చూచి కొందరు, ఒకరు పేదరికముచే చిక్కిరనియు, వేరొకరు తిండిపోతుతనముచే లావైరనియు తీర్పు చెప్పుదురు. మాకు అట్లు తోచుటలేదు. పెక్కు ఇండ్లలో రెండింటికిని మూలము ఒకటియే. అందరును తినినపిదప కూర మిగులకున్న యెడల ఆమె ఉత్త అన్నములో ఇంత కారము కలుపుకొని లేచును. అన్నము మిగిలిన యెడల, పారవేయుట పాపమని, ఆకలి లేకున్నను కూర్చుండి దానిని ముగించును. మొదటి దినమున ఆమె కడుపు లెక్కలోనికి రాలేదు. రెండవ దినమునను రాలేదు. మిగిలినదానిని దాచు గిన్నెకు ఎంత విలువయో ఆ కడుపునకును అంతే విలువ అయినది.

ఇందులో ఒక వైపరీత్యము కలదు. 1918లో కూనూరులో చిన్న పరిశోధనశాలగా మొదలై, 1958లో హైదరాబాదునకు తరలివచ్చిన సంస్థయే నేటి జాతీయ పోషకాహార సంస్థ. ఆ సంస్థవారు 2020లో ప్రకటించిన ప్రమాణముల ప్రకారము వయస్సు వచ్చిన పురుషునకు దినమునకు 19 మిల్లీగ్రాముల ఇనుము కావలసియుండగా, స్త్రీకి 29 మిల్లీగ్రాములు కావలెను. నెలనెలా పోవు రక్తమే ఇందుకు కారణము. బాలింతకు మొదటి ఆరు నెలలలో మామూలు ఆహారముపైన దినమునకు 600 కెలోరీలు అదనముగా అవసరమని కూడ వారే చెప్పిరి. అనగా శరీరశాస్త్రము ఎవరికి ముందు వడ్డింపుమనుచున్నదో, ఆచారము వారినే కడపట కూర్చుండబెట్టుచున్నది. బాలింతకు పథ్యమను పేర ఆకుకూర కూడదు, పెరుగు కూడదు, పండు కూడదు అని ఒక్కొక్కటిగా తీసివేసి, తుదకు అన్నమును వెల్లుల్లికారమును మాత్రమే మిగిల్చిన ఇండ్లు నేటికిని లేకపోలేదు. అటుల పెట్టు అవ్వలకు కోడలియందు ద్వేషమని మేము అనము. వారును అదే తిని పిల్లలను పెంచిరి. తాము ఓర్చినదానిని ప్రేమతోనే అందించుచున్నారు.

ఇక ఆహారమునుండి దేహమునకు వత్తము. ఆడపిల్ల పండ్రెండవ ఏడు దాటినది మొదలు ఆమె శరీరముపై మాట విసరుటకు ఊరిలో అందరికిని హక్కు వచ్చును. "బక్కగైంది" అని ఒకరు, "లావైంది" అని ఒకరు, "ఎండల తిరిగి నల్లవడ్డది" అని మరియొకరు. ఇవి ద్వేషపు మాటలు కావు. పెండ్లిలోనో, బోనాలనాడో, చుట్టరికపు చనువుతో అన్నవే. కాని పెండ్లిచూపులనాటికి ఆ పిల్ల ఆ మాటలన్నిటిని కూడబెట్టుకొని, తన దేహమును పరుల కన్నులతో చూచుట నేర్చియుండును. ఇప్పుడు చేతిలోని ఫోను ఆ కన్నులను వేయింతలు చేసినది. ఊరిలోని నలుగురితో పోల్చుకొను పిల్ల, ఎన్నడును చూడని, పలువిధముల దిద్దిన బొమ్మలతో పోల్చుకొనుచున్నది. రాత్రి అన్నము మానివేయుచున్నది. నాలుగు దినములు మానిన పిదప అయిదవనాడు ఆకలికి ఆగలేక గిన్నె ముందర కూర్చుండి అంతయు తినును, తినినందుకు తన్ను తాను తిట్టుకొనును, మరల మానును.

ఇది మనోబలము లేకపోవుటవలన జరుగునని పెద్దలు తలంతురు. కాదనుటకు ఒక పాత ప్రయోగమును చెప్పవచ్చును. 1944-45లో, యుద్ధమువలన కరువు పాలైన ప్రజలకు మరల ఎట్లు అన్నము పెట్టవలెనో తెలిసికొనుటకై, అమెరికాలోని మిన్నెసోటా విశ్వవిద్యాలయమున ఆన్సెల్ కీస్ అను శాస్త్రజ్ఞుడు 36 మంది ఆరోగ్యవంతులైన యువకులకు వారి సమ్మతితోనే 24 వారములు సగము తిండి పెట్టెను. వారు చిక్కిపోవుట సహజమే. కాని వారికి పగలును రాత్రియు తిండి ధ్యాసయే పట్టుకొనెను. కొందరు వంటల పుస్తకములు చదువ మొదలిడిరి. చిరాకు, దిగులు కలిగెను. మరల కడుపునిండ పెట్టినపుడు పలువురు ఎంత తినినను తనివి తీరనివారైరి. దృఢచిత్తులైన ఆ మగవారికే అట్లైనచో, ఆకలినణచుకొని రాత్రివేళ గిన్నె మూత తీసిన పిల్లను తిండిపోతని తిట్టుట న్యాయమా? అది శరీరము తన్ను కాపాడుకొనుటకు చేయు పని.

ఒక్కపొద్దు సంగతి వేరు. ఇష్టపడి, మ్రొక్కుకొని, సాయంకాలము ఫలహారము చేయు ఉపవాసమును మేము విమర్శింపము. గర్భిణులును, చక్కెరవ్యాధికి మాత్రలు వాడువారును మాత్రము వైద్యునడుగక ఉండరాదు. దేవుని పేర ఒక్కపొద్దని చెప్పి, అద్దమునకు వెరచి అన్నము మానుచున్న పిల్లను తల్లి కనిపెట్టవలెను.

తనయెడ తాను దయ చూపుటను గురించి కూడ పరిశోధనలు జరిగినవి. 2003లో క్రిస్టిన్ నెఫ్ అను అమెరికా మనస్తత్వశాస్త్రజ్ఞురాలు దీనిని మూడు పాళ్లుగా వివరించెను. కష్టమో, తప్పో కలిగినపుడు తన్ను తిట్టుకొనక మెత్తగా పలుకరించుకొనుట ఒకటి. ఇది నా ఒక్కదాని గతియే కాదు, మనుష్యులందరికిని ఉన్నదేయని ఎరుగుట రెండవది. ఉన్న బాధను దాచకయు, పెంచకయు ఉన్నదున్నట్లు చూచుట మూడవది. అట్లు దయ చూపుకొన్నచో మనిషి సోమరియగునను భయము చాలమందికి కలదు. పిదప జరిగిన పరిశోధనలు దానిని బలపరుపలేదు. తమయెడ దయగలవారికి దేహమును గూర్చిన సిగ్గును, తిండియందలి అపసవ్యపు అలవాట్లును తక్కువగా ఉన్నట్లే అవి ఎక్కువగా చూపినవి.

ఈ మాటలు పరదేశపువిగా తోచవచ్చునుగాని, పని మన ఇండ్లలోనిదే. బిడ్డ అన్నము తినక అలిగిన వేళ తల్లి ఎట్లు మాటలాడునో చూడుడు. "దా బిడ్డా, రెండు బుక్కలు తిను" అనునుగాని, "నీ మొగమునకు అన్నమొకటా?" అని అనదు గదా! ఆ మొదటి గొంతుతోనే తనతో తాను మాటలాడుకొనుట మేము చెప్పుచున్న దయ. అది అలవాటు కావలెను. ఒకనాడు విని మరునాడు వచ్చునది కాదు.

మన పండుగలలోను దీని జాడ కలదు. తొమ్మిది దినముల బతుకమ్మలో ఆరవనాడు అలిగిన బతుకమ్మ. ఆ దినమున పూలు పేర్చరు, నైవేద్యము పెట్టరు. గౌరమ్మకే ఒకనాడు అలుకయు విశ్రాంతియు ఒప్పుకొన్న ఊళ్లలో, ఇల్లాలికి అవి తప్పెట్లగును? తుదినాడు సద్దుల బతుకమ్మ. పెరుగు సద్ది, పులిహోర, నువ్వుల సద్ది, మలీద కట్టుకొని చెరువుకడకు పోయి, బతుకమ్మను నీట విడిచినపిదప అక్కచెల్లెండ్రు, వదినెలు, పొరుగువారు ఒకచోట కూర్చుండి ఒకరికొకరు పెట్టుకొని తిందురు. ఆనాడు ఎవరును ఎవరి తరువాతను తినరు. అందు కట్టుకొను చీరను కూడ చూడుడు. 2017లో ప్రభుత్వము పంచిన బతుకమ్మ చీరలలో కొన్ని సిరిసిల్ల మరమగ్గములపై నేసినవి. చీరకు సన్నపుదానికొక కొలత, లావుదానికొక కొలత లేదు. కట్టుకొనునామెనుబట్టి కుచ్చిళ్లు ఎక్కువ తక్కువలగును. దుకాణములోని కుట్టిన బట్ట పట్టకపోయిన యెడల పిల్ల తన నడుమును నిందించుకొనును. తప్పు బట్టదని ఎవరైన చెప్పవలెను.

కంచము సంగతిని ప్రభుత్వము కూడ గుర్తించిన ఉదాహరణ ఒకటి కలదు. 2015 జనవరి 1న తెలంగాణమున మొదలైన ఆరోగ్యలక్ష్మి పథకము గర్భిణులకు, బాలింతలకు అంగన్‌వాడీలో ఒకపూట పూర్తి భోజనమును, గుడ్డును, 200 మిల్లీలీటర్ల పాలను ఏర్పరచినది. ఇంటికి ఇచ్చి పంపక, అచ్చటనే కూర్చుండబెట్టి పెట్టుట దానిలోని ముఖ్యమైన విశేషము. ఇంటికి పోయిన తిండి ఇంటిల్లిపాదికి పంచబడును. ఎవరికై ఇచ్చిరో ఆమెకు మిగులునది తక్కువ. గుడ్డును కొంగున ముడివేసికొని పిల్లవానికై తీసికొనిపోవ చూచు తల్లిని కసరుకొనుటవలన ప్రయోజనము లేదు. ఆ గుడ్డు ఆమెకే ఎందులకో, ఆమె తినిన ఫలము కడుపులోని శిశువునకు ఎట్లు చేరునో చెప్పి, ప్రక్కన కూర్చుండి తినిపించిన ఆయమ్మ చేయు మేలు పెద్దది.

పప్పు కొనలేని ఇంటిలో, నిన్ను నీవు ప్రేమించుకొనుమని చెప్పుట పరిహాసము. కూలి పెరుగవలెను, బియ్యముతోబాటు పప్పును చేరవలెను. అది ప్రభుత్వముతోను, కార్ఖానాలతోను తేల్చుకొనవలసిన మాట. కాని ఉన్నదానిలోనే మారగలిగినది కొంత కలదు. వండునపుడు ఎందరికని లెక్కించు ఇల్లాలు తన్ను కలుపుకొని లెక్కింపవలెను. కూర దించగనే తన పాలు ఒక గిన్నెలో తీసి పెట్టుకొనవచ్చును. అందరితో కూర్చుండి తినుట అత్తగారికి మొదట ఎబ్బెట్టుగా ఉండిన, అత్తగారిని కూడ ప్రక్కన కూర్చుండబెట్టుకొనుటయే ఉపాయము. ఆమెయు ఇన్నేండ్లు కడపటనే తినినది గదా! పురుష పాఠకులు గంటె పట్టుకొని ఒకపూట వడ్డించినచో, కూర ఎవరికి చాలుటలేదో ఎవరును చెప్పకయే తెలియును.

తినవలసినవి దూరమున లేవు. చేనిగట్టున ఊరక మొలచు గంగవాయిలికూర, తోటకూర, నువ్వుల పొడి, వీలున్నవారికి మాంసము, వీటిపై పిండిన నిమ్మరసము. పుల్లని పండ్లలోని సి విటమిను ఆకుకూరలలోని ఇనుమును శరీరమునకు అందించుటకు తోడ్పడును. శ్రీరామసాగరము కాలువనీరు వచ్చి వరి పెరిగినపిదప జొన్నగటకయు, మక్కగటకయు పేదల తిండియని వెనుకబడినవి. తెల్ల బియ్యముకన్న జొన్నలో ఇనుము హెచ్చు. వారమునకు రెండుమూడు మారులు జొన్నరొట్టె చేసికొనుటలో చిన్నతనము లేదు.

ఆయాసము, కండ్లు తిరుగుట, అరచేతులు పాలిపోవుట ఉన్నవారు ప్రభుత్వ ఆసుపత్రిలో రక్తపరీక్ష చేయించుకొనవలెను. గర్భిణి కాని స్త్రీకి హిమోగ్లోబిను 12 గ్రాములకు, గర్భిణికి 11 గ్రాములకు తగ్గినచో రక్తహీనతయే. ఇనుపమాత్రలు వాడునపుడు మలము నల్లబడుట సహజము. దానికి వెరచి మానరాదు. చాయతో వేసికొనరాదు. తినినదానిని కోరి వాంతి చేసికొనుట, దినములతరబడి అన్నము ముట్టకుండుట, ఎంత చిక్కినను లావైతినని కుములుట వంటివి పిల్లలలో కనబడినచో అది మొండితనము కాదు, వ్యాధి. దానికి తిట్లు మందు కావు, వైద్యునికడకు తీసికొనిపోవలెను. ఎవరికి చెప్పవలెనో తోచనివారు 2022లో భారత ప్రభుత్వము నెలకొల్పిన టెలి-మానస్‌కు ఫోను చేయవచ్చును. సంఖ్య 14416. రుసుము లేదు, ఏ వేళనైనను, తెలుగులోనే మాటలాడవచ్చును.