శంబూకం దొరకని చెరువులు

గోదావరిఖనిలో చూచినంతగా పరిణామశూలను నేను మరెక్కడా చూడలేదు. తిన్న అన్నం జీర్ణమయ్యే వేళకు కడుపులో పొడిచినట్లు నొప్పి పుట్టడం దీని లక్షణం. మూడు షిఫ్టులలో గనిపని చేసేవారికి వేళకు భోజనం ఎక్కడిది? దీనికి మా గురువుగారు శంబూక భస్మాన్ని వేడినీటితో ఇచ్చేవారు. శంబూకమంటే మన చెరువు నత్తగుల్ల. సుశ్రుతాచార్యులు శంఖం, ముత్యపుచిప్పలతోపాటు కోశస్థ ప్రాణులలో దీనిని చేర్చారు. గురుకులంలో ఉండగా వైశాఖమాసంలో ఎండిన చెరువులకు వెళ్ళి ఖాళీ గుల్లలు ఏరి తెచ్చేవారము. బ్రతికియున్న దానిని ముట్టరాదని గురువుగారి ఆజ్ఞ.

రామగుండం పరిసరాలలో వైద్యం ఆరంభించిన కొత్తలో ఒక్క చెరువులోనే గంప నిండేది. ఇప్పుడు దోసిలి నిండదు.

శాస్త్రజ్ఞులు పైలా గ్లోబోసా అని పిలిచే ఈ పెద్ద నత్తకు మొప్ప, ఊపిరితిత్తి రెండూ ఉన్నవి. వేసవిలో మూత బిగించుకొని ఒండ్రులో నిద్రిస్తుంది. వానలకు లేచి గట్టున తడిమట్టిలో 200 నుండి 800 వరకు గుడ్లు పెడుతుంది. కనుక మెత్తని అడుగు, మెత్తని గట్టు కూడా దానికి కావాలి. గంధకం అధికంగా గల బొగ్గు గనులలో నీరు ఆమ్లమై గుల్లనే కరగిస్తుంది. గోదావరి లోయ బొగ్గులో గంధకం స్వల్పం గనుక ఆ బాధ ఇక్కడ తక్కువ. ఉపరితల గనుల మట్టిగుట్టల నుండి వానకు కొట్టుకువచ్చే సన్నని మన్ను మాత్రం మొప్పలకు పట్టి, మేతయైన పాచిని కప్పివేస్తుంది. గని లోతైన కొద్దీ చుట్టూ భూగర్భజలం దిగి, చెరువు ముందుగానే ఎండుతుంది. 2015లో మొదలైన మిషన్ కాకతీయ పూడికతీత చెరువులకు మేలే చేసింది. కాని వేసవిలో తీసిన ఒండ్రుతో నిద్రపోయే నత్తలు కూడా పొలాలకు పోతాయి.

"నత్తలు కనబడుతూనే ఉన్నవి కదా, వైద్యులుగారూ?" అంటారు రైతులు. అవి వేరు. మూతలేని పలుచని లిమ్నియా, బిళ్ళవలె చుట్టుకొన్న ఇండోప్లానార్బిస్ గాలి పీల్చి బ్రతుకుతాయి గనుక మురుగును ఓర్చుకొంటాయి. మొదటిది పశువుల కాలేయపు పురుగుకు, రెండవది ముక్కు గురక వ్యాధికి ఆశ్రయం. మందు నత్త పోయి రోగపు నత్త మిగిలింది.

ఇక్కడి గుల్లను పుటానికి ఎక్కించడం నేను మానివేశాను. నత్త తినే బురదలో సీసం వంటి లోహాలుంటే గుల్లలోనూ చేరుతాయి. నిమ్మరసంతో శోధించినా, గజపుటం పెట్టినా సీసం సీసంగానే ఉంటుంది. గురువుగారి మందును వదలుకొన్న రోజు నాకు అన్నం సహించలేదు. ఇప్పుడు శంఖ భస్మం వాడుతున్నాను. పాఠకులు ఈ భస్మాలను ఇంట్లో తయారుచేయరాదు. నల్లని మలం గాని, రక్తపు వాంతి గాని కనబడితే వెంటనే ఆసుపత్రికి వెళ్ళాలి.

నిరుడు గనులకు దూరంగా ఉన్న ఒక ఊరి చెరువు గట్టున తెల్లని గుడ్ల గుంపు చూచాను. ఆ గట్టుకు రాతికట్టు వేస్తారట. ఆ ఒక్క మూల మట్టిగా వదలమని గ్రామపెద్దలను కోరాను. ఆలోచిస్తామన్నారు.