పురిటి మంచం మీద పుట్టిన ఉపాయం

పండక్కి పదిమంది వస్తారనుకుంటే పాతికమంది దిగారు. అప్పుడు మీరేం చేస్తారు? ముందు పిల్లలకీ, పెద్దవాళ్లకీ వడ్డించేస్తారు. గిన్నెలు తోమటం, ఖర్చు రాసుకోవటం తర్వాత సంగతి. ఇల్లు నడిపే వాళ్లందరికీ తెలిసిన ఈ కిటుకునే కంప్యూటర్‌కి నేర్పి, పేటెంటు సంపాదించారొకామె. పేరు ఎర్నా ష్నైడర్ హూవర్.

1926లో అమెరికాలోని న్యూజెర్సీలో పుట్టిన ఎర్నా చదివింది ఇంజనీరింగ్ కాదు. డిగ్రీలో మధ్యయుగాల చరిత్ర. ఆ తర్వాత యేల్ విశ్వవిద్యాలయంలో తత్వశాస్త్రం, గణిత మూలసూత్రాలపై డాక్టరేట్. కాలేజీలో పాఠాలు చెప్పినా పర్మనెంటు ఉద్యోగం మాత్రం దక్కలేదు. దాంతో 1954లో బెల్ లాబొరేటరీస్‌లో చేరారు.

టెలిఫోన్ ఎక్స్ఛేంజీలను కంప్యూటర్‌తో నడిపించే ప్రయత్నాలు జరుగుతున్న కాలమది. ఒక్కసారిగా వేల కాల్స్ వచ్చిపడితే కంప్యూటర్ అన్నిటినీ అందుకోబోయి, ఉక్కిరిబిక్కిరై, చివరికి ఏ పనీ చేయలేక చతికిలబడుతుంది. దీనికి విరుగుడేమిటి? రెండో కూతురు పుట్టి, ఆస్పత్రిలో బాలింతగా ఉన్నప్పుడు ఎర్నా ఆ ఉపాయాన్ని కాగితం మీద గీశారు. కాల్స్ ఎంత వేగంగా వస్తున్నాయో కంప్యూటరే కనిపెట్టుకుని ఉండాలి. రద్దీ పెరిగితే కొత్త కాల్స్ తీసుకునే వేగాన్ని తనే సర్దుకోవాలి. ఫోన్లు కలపటం ముందు, బిల్లులూ రికార్డులూ వెనక. అంతే!

పేటెంటు కాగితాల మీద సంతకం కోసం కంపెనీ లాయర్లే ఆమె ఇంటికి రావాల్సి వచ్చిందట. 1971లో చేతికందిన ఆ పేటెంటు, సాఫ్ట్‌వేర్‌కి దక్కిన తొలి పేటెంట్లలో ఒకటి.

ఎన్ని లైన్లుంటే చాలు?

ఇంత తిప్పలెందుకు, ముందే ఎక్కువ లైన్లు పెట్టుకుంటే పోదా అంటారా? ఆ లెక్క కూడా ఉంది. కోపెన్‌హాగన్ టెలిఫోన్ కంపెనీలో పనిచేసిన డెన్మార్క్ గణితవేత్త ఎర్లాంగ్ 1917లో దానికి సూత్రం చెప్పారు.

మీ ఆఫీసుకి గంటలో 100 కాల్స్ వస్తాయనుకోండి. ఒక్కోటి 3 నిమిషాలు. మొత్తం 300 నిమిషాలు, అంటే 5 లైన్లకు గంటసేపు సరిపడా పని. అలాగని 5 లైన్లే పెడితే 100 మందిలో దాదాపు 28 మందికి ఎంగేజ్ టోనే! ఎందుకంటే కాల్స్ వరసలో నిలబడి రావు, కొన్నిసార్లు గుంపుగా వస్తాయి. నూటికి ఒక్కరు కూడా వెనక్కి పోకూడదంటే 11 లైన్లు కావాలి. విచిత్రమేమిటంటే, పని పదింతలైతే 110 అక్కర్లేదు, 64 లైన్లతోనే ఇంచుమించు సరిపోతుంది. పెద్ద వంటింట్లో సర్దుబాటు సులువైనట్టే.

సెలవుల మర్నాడు

ఇప్పుడు ఆఫీసు కబుర్లన్నీ ఫోన్ల నుంచి సర్వర్లలోకి మారాయి. కష్టం మాత్రం అదే. 2021 జనవరి 4, సోమవారం. కొత్త సంవత్సరం సెలవులయ్యాక లక్షలాది ఉద్యోగులు ఒక్కసారిగా పనిలోకి దిగేసరికి, ఆఫీసుల్లో సందేశాలు పంపుకునే ‘స్లాక్’ కొన్ని గంటలపాటు మొరాయించింది. సర్వర్లను కలిపే అమెజాన్ నెట్‌వర్క్ ద్వారాలు, సెలవుల్లో ఖాళీగా ఉన్నవి, రద్దీకి తగినంత వేగంగా పెరగలేకపోయాయి. అమెజాన్ ఇంజనీర్లు స్వయంగా పూనుకుని పెంచాల్సి వచ్చింది. వచ్చే ఏడు సెలవులు ముగిసేనాటికే సామర్థ్యం పెంచమని అడగాలంటూ స్లాక్ వాళ్లు రిమైండర్ పెట్టుకున్నారు!

మీ ఆఫీసులోనో, మీరు నడిపే చిన్న సంస్థలోనో ఇలాంటి ఏర్పాటు చేస్తుంటే, ‘మాకు కంప్యూటర్ల సంగతి తెలియదు’ అని ఊరుకోకండి. మూడు ప్రశ్నలు అడగండి. లెక్క కట్టింది మామూలు రోజుకా, బాగా రద్దీగా ఉండే గంటకా? ఒక సర్వర్ ఆగిపోతే దాని పని ఎవరు అందుకుంటారు? కిటకిటలాడే వేళ ఏ పని ముందు, ఏది వెనక?

ఎర్నా 1978లో బెల్ ల్యాబ్స్‌లో సాంకేతిక విభాగానికి తొలి మహిళా సూపర్‌వైజర్ అయ్యారు. 2008లో అమెరికా జాతీయ ఆవిష్కర్తల సభలో చోటు దక్కించుకున్నారు. ఏ పని ముందో, ఏది వెనకో తేల్చుకోవటం మీకు రోజూ ఉండేదే. ఆ తెలివి వంటింటితోనే ఆగిపోనక్కర్లేదు కదా!