శిశుపీఠమున దిండు పెట్టవచ్చునా?



మన తెనాలి, బాపట్ల, రేపల్లె ప్రాంతములలో పురిటికై పుట్టింటికి వచ్చిన యాడుబిడ్డ కొన్ని నెలలకు చంటిబిడ్డతో నత్తవారింటికి మరలిపోవుట యాచారము. వెనుకటి కాలమున నా ప్రయాణము గూడుబండిలో జరిగెడిది. అడుగున వరిగడ్డి, పైని బొంత, దానిమీద తల్లి, తల్లి యొడిలో బిడ్డ. ఎద్దుల నడకకు నా మెత్తదనమే చాలియుండెను. నేడు బండికి బదులు కారు వచ్చినది. బాపట్ల, రేపల్లెల మీదుగా పోవు 216వ జాతీయ రహదారిపై నది గంటకు 60, 80 కిలోమీటర్ల వేగమున పరుగెత్తుచున్నది.

ఈ వేగమునకు తగిన రక్షణగా శిశుపీఠమను సాధనము వచ్చినది. అమెరికా మొదలగు దేశములనుండి వచ్చు మన పిల్లలు దానిని వెంట తెచ్చుచున్నారు, ఇక్కడను దొరకుచున్నది. దానిని చూడగానే మన యిండ్లలోని యమ్మమ్మలకు, నాయనమ్మలకు తోచు మాట యొక్కటే: "అయ్యో, ఇంత గట్టిగా నున్నదే! పసికందు మెడ వ్రాలుచున్నదే! ఒక మెత్తని దిండు పెట్టుడు." బజారులో గూడ నిందుకై తలదిండ్లు, మెడదిండ్లు, వీపుపరుపులు విడిగా నమ్ముచున్నారు. మా వీథిలోనే యిట్టి దిండును ప్రేమతో కుట్టించి పెట్టినవారిని జూచితిని. ఆ ప్రేమను నేను శంకింపను. ఆ దిండు బిడ్డకు మేలు చేయునా, కీడు చేయునా యనునదే నేటి విచారము.

ఉపాధ్యాయుడనగుటచే మొదట నొక చిన్న లెక్క చెప్పెదను. గంటకు 40 కిలోమీటర్ల వేగమున పోవు కారు దేనినైన ఢీకొని నిలిచిపోయినచో, లోనున్నవారికి కలుగు తాకిడి సుమారు 20 అడుగుల యెత్తునుండి నేలపై బడుటతో సమానము. అయిదు కిలోల బిడ్డ సెకనులో పదియవ వంతు కాలమున నిలువవలసి వచ్చినప్పుడు, ఆ బిడ్డ నాపుటకు 55 కిలోల బరువు నాపునంతటి బలము కావలయును. ఎంతటి తల్లి చేతులైనను, ముందెరుగని యాక్షణమున నా బలమును చూపజాలవు. ఆ పని చేయునది పీఠమునకున్న పట్టీలే. అవి బిడ్డ దేహమునకు హత్తుకొనియుండుటలోనే రక్షణమంతయు నున్నది.

ఇక దిండు చేయు మొదటి కీడు వినుడు. మన రైతు బండికి గడ్డి వేసి మోకుతో బిగించును. కొంతదూరము పోవుసరికి గడ్డి యణగి మోకు వదులగును. అతడు దిగి మరల బిగించును. బిడ్డ వెనుకనో క్రిందనో పెట్టిన దిండును ఆ గడ్డివంటిదే. పైకి పట్టీ బిగువుగానే కనబడును. తాకిడి తగిలినంతనే దిండు నలిగి పలుచనగును, పట్టీ సడలును, ఆ సందున బిడ్డ ముందునకు జారును. మరల బిగించుటకు రైతునకు వ్యవధి యున్నది. ఇక్కడ రెప్పపాటు కాలమైన లేదు.

రెండవ కీడు దీనికంటె సూక్ష్మమైనది. కారు దేనిని ఢీకొనకున్నను జరుగవచ్చును. ఆయుర్వేదము యొక్క యెనిమిది యంగములలో కౌమారభృత్యము నొకటిగా పెద్దలు వేరుపరచుటకు కారణమున్నది. శిశువు చిన్న ప్రమాణములోనున్న పెద్దమనిషి కాడు. పెద్దవారి తల దేహపు పొడవులో నెనిమిదవ వంతుండగా, అప్పుడే పుట్టిన శిశువు తల నాలుగవ వంతుండును. మెడకు బలము చాలదు. శ్వాసనాళము సన్నము, మృదువు. తల వెనుక దిండు పెట్టినచో నది తలను ముందునకు నెట్టును, గడ్డము రొమ్మున కానును, శ్వాసమార్గము మడతపడును. బిడ్డ యేడువజాలదు, నిద్రించుచున్నదనియే చూచువారు భ్రమింతురు. తల గుండ్రముగా నుండుటకై మనము వాడు ఆవాల దిండును పీఠమున పెట్టరాదు. తలను తీర్చు దిండ్లవలన నూపిరాడని యపాయము కలుగవచ్చునని 2022లో అమెరికా దేశపు ఆహార, ఔషధ పాలన సంస్థ హెచ్చరించినది.

"అట్లైన మెడ వ్రాలుటకు మందేమి?" యని మీరడుగవచ్చును. మందు దిండులో లేదు, పీఠమును వాల్చు తీరులో నున్నది. శిశువు ముఖము కారు వెనుకవైపునకు నుండునట్లు, తయారుచేసినవారు చెప్పినంత వాలుగా పీఠమును బిగింపవలెను. అప్పుడు తాకిడి యంతయు వీపునకు సమముగా పంచబడును, మెడమీద పడదు. వ్యోమగాములు వెల్లకిల పరుండు ఆసనములను జూచి, స్వీడను దేశీయుడగు బెర్టిల్ ఆల్డ్‌మాన్ 1960ల దశకమున నీ పద్ధతిని రూపొందించెను. అయితే ముందు సీటున ఎయిర్‌బ్యాగు ఉన్నచోట నిట్టి పీఠమును పెట్టుట ప్రాణాంతకము. వెనుక సీటే దానికి స్థానము.

బిడ్డ మరీ చిన్నదై ప్రక్కలకు ఒరుగుచున్నచో, పట్టీలు బిగించిన పిమ్మట, చుట్టిన తువాలు నొక్కొక్కదానిని ఇరుప్రక్కల నుంచవచ్చును. వీపు వెనుక గాని, తల వెనుక గాని, పిరుదుల క్రింద గాని యేదియు నుంచరాదు. పీఠముతోబాటు తయారుచేసినవారే యిచ్చిన మెత్త యుండిన, దానిని వారు చెప్పిన బరువు వరకే వాడి తీసివేయవలెను. ఆ మెత్తతో పీఠము పరీక్షింపబడినది. బజారు దిండుతో పరీక్షింపబడలేదు.

బయలుదేరునప్పుడు భుజముపై పట్టీని రెండువేళ్లతో గిల్లి చూడుడు. మడత చేతికి చిక్కినచో వదులుగా నున్నదని యర్థము. గడ్డము రొమ్మున కానకుండ జూడుడు. దూరప్రయాణమున మధ్య మధ్య కారాపి బిడ్డను బయటికి తీయుడు. ఇల్లు చేరినంతనే, నిద్రలో నున్నను, పీఠమునుండి తీసి చదునైన గట్టి పక్కపై వెల్లకిల పరుండబెట్టుడు.

పదునాలుగేండ్లు నిండని బిడ్డను పట్టీయో, శిశుపీఠమో లేక కారున దీసికొనిపోయినచో వేయి రూపాయల జరిమానా యని 2019లో సవరింపబడిన మోటారు వాహనముల చట్టము చెప్పుచున్నది. చట్టము పీఠమును పెట్టింపగలదు గాని, దానిలోని దిండును తీయింపలేదు. ఆ పని యింటి పెద్దలది. కోడలు తీయుమన్నచో అత్తగారికి కష్టము కలుగును. తాతగారు తీయుమన్నచో నందరును వినెదరు. కావున మనుమడు కారెక్కునప్పుడు ఆశీర్వదించుటకు ముందు పీఠములోనికి వంగి చూడుడు. దిండున్నచో మీ చేతులతోనే తీసివేయుడు.