చిత్తకార్తె రాకముందే: ఆడకుక్కలకు సంతాన నిరోధక శస్త్రచికిత్స, ఆపై పది రోజుల సంరక్షణ

తెలుగు రైతుకు కార్తెలు కాలగణన మాత్రమే కాదు, పనుల పట్టిక కూడా. అక్టోబరు రెండో వారంలో ప్రవేశించే చిత్తకార్తెను పల్లెల్లో కుక్కలు ఎదకు వచ్చే కాలంగా గుర్తిస్తారు. ఈ లోకానుభవానికి శాస్త్రీయ ఆధారం లేకపోలేదు. జైపూర్ నగరంలో వీధికుక్కలపై జరిగిన పరిశీలనల్లో కూడా వర్షాకాలం చివరి నుంచి ఎదలు ఎక్కువవుతాయనీ, శీతాకాలంలో ఈతలు అధికంగా ఉంటాయనీ తేలింది. కుక్క చూలు కాలం సుమారు 63 రోజులు. చిత్తకార్తెలో జతకట్టిన కుక్క డిసెంబరు ద్వితీయార్ధానికి ఈనుతుంది. కృష్ణా డెల్టాలో సార్వా వరి కోతలు, కుప్పలు వేయడం సాగే ఆ రోజుల్లోనే గడ్డివాముల కిందా, కాలువ గట్లపైనా కుక్కపిల్లలు కనిపించడానికి కారణం ఇదే.

ఈ సంతానాన్ని మానవీయంగా నియంత్రించే మార్గం ఆడకుక్కల అండాశయాలను, గర్భాశయాన్ని తొలగించే శస్త్రచికిత్స. దీనికి పట్టేది అరగంట నుంచి గంట. అయితే దాని ఫలితాన్ని నిర్ణయించేది ఆ తర్వాతి పది రోజులు. గాయం తడవకుండా, ఈగ వాలకుండా, కుక్క నాకకుండా పది రోజులు చూసే మనిషి ఉంటే ఈ చికిత్స సురక్షితమైనది. అటువంటి మనిషి లేనిచోట మంచి శస్త్రచికిత్స కూడా విఫలం కావచ్చు. ఊరిలో ఒక్క కుక్క పుండు కుళ్లి మరణించినా, ఆ తర్వాత ఎన్ని సదస్సులు పెట్టినా యజమానులు ముందుకు రారు. అందువల్ల విస్తరణ కార్యకర్తలు శస్త్రచికిత్సకు ఎంత ప్రాధాన్యం ఇస్తారో, సంరక్షణకు కూడా అంతే ఇవ్వాలి.

మూడు పట్టణాలు, మూడు పరిస్థితులు

తెనాలి, బాపట్ల, రేపల్లె ప్రాంతాలు ఒకే డెల్టాకు చెందినవైనా, కుక్కల జీవన స్థితి మూడుచోట్లా ఒకేలా ఉండదు. కాలువలు పారే వ్యాపార పట్టణమైన తెనాలిలో మార్కెట్లు, మాంసం దుకాణాలు, హోటళ్ల వ్యర్థాలు వీధికుక్కలకు ఆహారం. 1945లో వ్యవసాయ కళాశాల వెలసిన బాపట్ల విద్యాసంస్థల పట్టణం. ఇక్కడ వసతిగృహాలలో మిగిలిన అన్నం కుక్కలను ఆవరణలకు చేరుస్తుంది. రేపల్లె, నిజాంపట్నం వైపు రొయ్యల చెరువుల వద్ద కాపలా కుక్కలు ఎక్కువ. వీటికి తిండి పెట్టేవారు ఉంటారు గానీ, వైద్యం చేయించే బాధ్యత ఎవరిదో స్పష్టంగా ఉండదు. ఇంటి కుక్క, చెరువు గట్టు కుక్క, వీధికుక్క అనే ఈ మూడు వర్గాలకు ఆపరేషన్ ఒకటే. సంరక్షణ ఏర్పాట్లు మాత్రం వేరువేరుగా ఉండాలి.

ఎందుకు చేయించాలి?

ఎదకు వచ్చిన ప్రతిసారీ ఆడకుక్క కట్టు తెంచుకొని తిరగడం, మగకుక్కల గుంపులు చేరడం, కొట్లాటలు, కాట్లు, రోడ్డు ప్రమాదాలు సాధారణం. పుట్టిన పిల్లల గతి ఇంకా దయనీయం. పశ్చిమ బెంగాల్‌లో 364 వీధికుక్క పిల్లలను అనుసరించిన అధ్యయనం 2016లో వెలువడింది. వాటిలో సంతానోత్పత్తి వయసు వరకు బతికినవి సుమారు 19 శాతమే. ఒక ఆడకుక్క నుంచి కొన్నేళ్లలో వేల కుక్కలు పుడతాయని ప్రచారంలో చెప్పే లెక్కలు ఈ మరణాలను పరిగణనలోకి తీసుకోవు. అసలు సమస్య సంఖ్యతో పాటు, ఏటా పుట్టి ఏటా చనిపోయే, టీకా అందని పిల్లల తరం కూడా. మనుషులకు సోకే రేబిస్‌లో 99 శాతం వరకు కుక్కల ద్వారానే వస్తుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. వ్యాధి వ్యాప్తిని అడ్డుకోవడానికి కనీసం 70 శాతం కుక్కలకు టీకా అందాలి. జనాభా స్థిరపడని చోట ఈ శాతాన్ని నిలబెట్టడం కష్టం.

కుక్క ఆరోగ్యపరంగానూ ప్రయోజనాలు ఉన్నాయి. ఎద ముగిసిన ఒకటి రెండు నెలలకు గర్భాశయంలో చీము చేరే పయోమెట్రా అనే ప్రాణాంతక వ్యాధి ఆపరేషన్ అయిన కుక్కలకు దాదాపు రాదు. స్వీడన్‌లో బీమా చేసిన కుక్కల రికార్డుల ప్రకారం, పదేళ్లు నిండేలోపు దాదాపు నాల్గోవంతు ఆడకుక్కలకు ఈ వ్యాధి వచ్చింది. జతకట్టడం ద్వారా వ్యాపించే జననాంగ కణితి ముప్పూ తగ్గుతుంది. రొమ్ము కణితుల విషయంలో 1969 నాటి అమెరికా అధ్యయనం తరచు ఉదహరింపబడుతుంది. ఆపరేషన్ కాని కుక్కలతో పోలిస్తే, మొదటి ఎదకు ముందే ఆపరేషన్ అయితే ముప్పు 0.5 శాతానికి, ఒక ఎద తర్వాత 8 శాతానికి, రెండు ఎదల తర్వాత 26 శాతానికి పరిమితమని అది పేర్కొంది. 2012లో జరిగిన సమగ్ర సమీక్ష ఈ ఆధారాలు బలహీనమైనవని తేల్చింది. కనుక “ముప్పు తగ్గవచ్చు” అని చెప్పడం సమంజసం, “రాదు” అని చెప్పడం సరికాదు.

కొన్ని పరిమితులను కూడా యజమానికి దాచకుండా చెప్పాలి. ఆపరేషన్ తర్వాత బరువు పెరిగే స్వభావం ఏర్పడుతుంది. కొన్ని కుక్కలలో, ముఖ్యంగా పెద్ద జాతులలో, మూత్రం అదుపు తప్పవచ్చు. పెద్ద జాతి కుక్కలలో మరీ చిన్న వయసు ఆపరేషన్‌కూ కీళ్ల సమస్యలకూ సంబంధం ఉన్నట్లు కొన్ని అధ్యయనాలు సూచిస్తున్నాయి. అందువల్ల వాటికి ఎదుగుదల పూర్తయ్యాక చేయించడం మేలు. నాటు కుక్కలకు ఆరు నెలలు నిండిన తర్వాత, మొదటి ఎదకు ముందు చేయించవచ్చు.

ఏ కాలం అనువైనది?

ఎదలో ఉన్నప్పుడు గర్భాశయ రక్తనాళాలు ఉబ్బి ఉంటాయి, రక్తస్రావం ముప్పు ఎక్కువ. ఎద ముగిశాక రెండు మూడు నెలలు ఆగడం మంచిది. పాలిచ్చే కుక్కకు పిల్లలు పాలు మాని, పొదుగు ఆరిన తర్వాతే చేయించాలి.

డెల్టా పరిస్థితులకు ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ వరకు ఉన్న కాలం అన్ని విధాలా అనుకూలం. చాలా కుక్కలు అప్పటికి ఎదకు దూరంగా ఉంటాయి. వాతావరణం పొడిగా ఉంటుంది. మాగాణి మినుము కోతలు పూర్తయ్యే కొద్దీ రైతుకు తీరిక దొరుకుతుంది. శీతాకాలంలో ఈనిన కుక్కలకు మాత్రం పిల్లలు పాలు మానేవరకు ఆగి, మార్చి చివర నుంచి చేయించాలి. రోహిణికార్తె ఎండల్లో తప్పనిసరైతే ఉదయం వేళ ముగించాలి. జూన్, జూలైలలో వర్షం పడని గది ఉన్నవారికి చేయవచ్చు. అక్టోబరు నుంచి డిసెంబరు వరకు ఎదలు, ఈతలు, తుపానులు కలిసి వస్తాయి. 2023 డిసెంబరు 5న మిచాంగ్ తుపాను బాపట్ల సమీపంలోనే తీరం దాటింది. నీరు నిలిచిన ఊళ్లో తాజా కుట్లతో ఉన్న కుక్కను పొడిగా ఉంచడం ఎవరి తరమూ కాదు.

శస్త్రచికిత్సకు ముందు

• రేబిస్ టీకా, నట్టల మందు ముందుగానే వేయించాలి.
• గోమార్లను నిర్మూలించాలి. ఇవి వ్యాపింపజేసే ఎర్లీకియా వ్యాధిలో రక్తఫలకికలు తగ్గి, ఆపరేషన్ సమయంలో రక్తం గడ్డకట్టదు. బబేసియా వల్ల రక్తహీనత కలుగుతుంది. గోమార్లు ఉన్న కుక్కకు, చిగుళ్లు పాలిన కుక్కకు రక్తపరీక్ష తప్పనిసరి.
• చివరి ఎద తేదీ, చూలు అనుమానం, పాత జబ్బులు, వాడుతున్న మందులు వైద్యునికి చెప్పాలి.
• పెద్ద కుక్కకు ముందు రాత్రి నుంచి ఘనాహారం పెట్టరాదు. నీరు ఎప్పటివరకు ఇవ్వాలో వైద్యుని సలహా పాటించాలి. చిన్న పిల్లలకు ఉపవాస కాలం తక్కువగా ఉండాలి.
• ముందు రోజు స్నానం చేయించి ఆరబెట్టాలి. ఆ తర్వాత రెండు వారాలు స్నానం ఉండదు.

ఆపరేషన్ పూర్తి మత్తులో జరుగుతుంది. పొట్ట మధ్యరేఖ వద్ద గానీ, పక్క డొక్క వద్ద గానీ కోత పెట్టి, రెండు అండాశయాలను, గర్భాశయాన్ని తొలగిస్తారు. అండాశయ కణజాలం కొద్దిగా మిగిలినా కుక్క మళ్లీ ఎద లక్షణాలు చూపుతుంది. డొక్క కోత ఉన్న కుక్క గాయాన్ని దూరం నుంచే గమనించవచ్చు. వీధికుక్కలకు ఇది ఉపకరించే అంశం. వాటికి కరిగిపోయే దారంతో చర్మం లోపలే కుట్లు వేయడం శ్రేయస్కరం. సంక్లిష్టమైన కేసులను గన్నవరంలోని ఎన్.టి.ఆర్. పశువైద్య కళాశాల వైద్యశాలకు పంపవచ్చు.

పది రోజుల సంరక్షణ

మొదటి రోజు: మత్తు దిగేటప్పుడు శరీర ఉష్ణోగ్రత పడిపోతుంది. చల్లని గచ్చుపై కాకుండా గోనెసంచి పరచి, దానిపై ఉతికిన నూలు బట్ట వేసి పడుకోబెట్టాలి. గాలి ఆడే, గొడవ లేని, చీకటి గది మంచిది. మెట్లకు, కాలువకు, చెరువు గట్టుకు దూరంగా ఉంచాలి. పూర్తిగా తెలివి వచ్చి, మింగగలిగే వరకు నోట్లో నీరు పోయరాదు. సాయంత్రానికి కొద్దిగా మెత్తని అన్నం, ఉడికించిన గుడ్డు వంటి తేలిక ఆహారం సగం మోతాదులో పెట్టాలి. చిగుళ్లను రెండు మూడు గంటలకోసారి చూడాలి. అవి గులాబీ రంగులో ఉండాలి.

రెండు నుంచి నాలుగు రోజులు: నొప్పి మందు వైద్యుడు రాసినది మాత్రమే, ఆహారం తర్వాత ఇవ్వాలి. సాధారణంగా మెలాక్సికామ్ మొదటి రోజు కిలో బరువుకు 0.2 మిల్లీగ్రాములు, తర్వాత రోజులలో 0.1 మిల్లీగ్రాము చొప్పున సూచిస్తారు. మందుల దుకాణంలో మనుషులకు అమ్మే ఐబుప్రోఫెన్, డైక్లోఫెనాక్ మాత్రలు కుక్కల జీర్ణాశయంలో పుండ్లు కలిగించి, మూత్రపిండాలను దెబ్బతీస్తాయి. పారాసిటమాల్ కూడా సొంతంగా వేయరాదు. మలమూత్రాలకు గొలుసుతోనే బయటికి తీసుకువెళ్లాలి. కుట్ల చుట్టూ స్వల్ప వాపు సహజం.

ఐదు నుంచి పది రోజులు: ఇదే అసలు జాగ్రత్త అవసరమైన దశ. కుక్క హుషారుగా కనిపిస్తుంది, యజమాని వదిలేస్తాడు. గాయం మానేటప్పుడు కలిగే దురదతో అది కుట్లను నాకి, కొరికి తెంపుతుంది. మెడకు గరాటు ఆకారపు పట్టీ కట్టాలి. దొరకకపోతే పాత నూలు బనియన్‌ను పొట్ట కప్పేలా తొడిగి, రోజూ మార్చాలి. పరుగులు, గంతులు, ఇతర కుక్కలతో ఆటలు నివారించాలి. పంట కాలువలోగానీ, మురుగులోగానీ, రొయ్యల చెరువులోగానీ దిగనివ్వరాదు. గాయంపై పసుపు, బూడిద, ఫినాయిల్, పాత ఇంజన్ ఆయిల్ పూయరాదు. ఈగలను దూరంగా ఉంచే స్ప్రేను వైద్యుని సలహాపై చుట్టూ వాడాలి. కరగని దారమైతే 10 నుంచి 14 రోజుల మధ్య కుట్లు విప్పించాలి.

ఆపై: ఆపరేషన్ తర్వాత శక్తి అవసరం సుమారు నాల్గోవంతు తగ్గుతుంది. ఆ మేరకు ఆహారం తగ్గించి, పక్కటెముకలు చేతికి తగిలేటట్లు బరువును నిలపాలి.

వెంటనే వైద్యుని సంప్రదించవలసిన లక్షణాలు

• చిగుళ్లు తెల్లబారడం, పొట్ట ఉబ్బడం, కుక్క సోలిపోవడం. ఇవి లోపలి రక్తస్రావానికి సూచనలు.
• గాయం నుంచి ఆగకుండా రక్తం, దుర్వాసనతో చీము రావడం.
• 103 డిగ్రీల ఫారన్‌హీట్ దాటిన జ్వరం, పదేపదే వాంతులు, ఒక రోజుకు మించి తిండి మానడం.
• పుండులో పురుగులు కనిపించడం.
• కుట్లు విడిపోయి లోపలి భాగాలు బయటికి రావడం. వీటిని లోపలికి నెట్టరాదు. శుభ్రమైన తడిబట్టతో కప్పి, నాకకుండా పట్టుకొని వెంటనే తరలించాలి.

వీధికుక్కలు: చట్టం, సమన్వయం

2023 మార్చిలో నోటిఫై అయిన జంతు జనన నియంత్రణ నియమాలు 2001 నాటి నియమాల స్థానంలో వచ్చాయి. వీటి ప్రకారం వీధికుక్కలకు శస్త్రచికిత్స, రేబిస్ టీకా చేయించే బాధ్యత స్థానిక సంస్థలది. చికిత్స అనంతరం కుక్కను పట్టుకున్న చోటే వదలాలి. ఏ కుక్కను ఎక్కడ పట్టారో గుర్తుండేలా సంఖ్యతో కాలర్ వేయాలి. ఆపరేషన్ అయినదానికి చెవిపై గుర్తు పెట్టాలి. వీధికుక్కల విషయంలో 2025 ఆగస్టు 22న సుప్రీంకోర్టు ఇచ్చిన ఉత్తర్వు కూడా రేబిస్ సోకినవి, దూకుడుగా ఉండేవి మినహా మిగతావాటిని అదే చోట వదలాలని పేర్కొంది. అయితే 2025 నవంబరు 7 నాటి ఉత్తర్వులో విద్యాసంస్థలు, ఆసుపత్రులు, బస్సు, రైల్వే స్టేషన్ల వంటి ప్రాంగణాల నుంచి పట్టిన కుక్కలను తిరిగి అక్కడే వదలరాదని చెప్పింది. కనుక కళాశాలల విద్యార్థులు సొంతంగా కుక్కలను పట్టడం, తరలించడం కాక, మున్సిపాలిటీ ద్వారానే వ్యవహరించాలి.

పట్టుదలతో చేస్తే ఫలితం ఉంటుందనడానికి జైపూర్ నిదర్శనం. 1994 నుంచి 2002 వరకు సాగిన కార్యక్రమంలో ఆడకుక్కల్లో సుమారు 65 శాతానికి ఆపరేషన్, టీకా అందాయి. కార్యక్రమం జరిగిన ప్రాంతంలో కుక్కల సంఖ్య 28 శాతం తగ్గింది. మనుషుల్లో రేబిస్ కేసులు లేకుండా పోయాయి.

మన ప్రాంతంలో విస్తరణ సిబ్బంది చేయదగిన పని ఆపరేషన్ కాదు, దానికి ముందు వెనకలు. జనవరిలో రైతు సేవా కేంద్రం స్థాయిలో ఆడకుక్కల జాబితా తయారు చేయాలి. ప్రతి కుక్క పేరు పక్కన పది రోజులు చూసే మనిషి పేరు రాయాలి. చెరువు కాపలాదారు, టీ దుకాణదారు, వసతిగృహ వంటమనిషి ఎవరైనా కావచ్చు. ఆ పేరు లేని కుక్కలకు గాయం మానేవరకు కెన్నెల్‌లో ఉంచే ఏర్పాటు దొరికాకే ఆపరేషన్ తలపెట్టాలి. శిబిరానికి ఎన్ని కుక్కలను తేవాలన్నది ఆపరేషన్ బల్లల సంఖ్యను బట్టి కాక, సంరక్షకుల సంఖ్యను బట్టి నిర్ణయించాలి. మూడో రోజున, ఏడో రోజున ఒక్కొక్క ఫోను చేసి గాయం గురించి విచారించాలి. విద్యార్థులు తమ గ్రామీణ అనుభవ శిక్షణలో భాగంగా ఈ రెండు విచారణలు చేసి, ఫలితాలను నమోదు చేస్తే, వచ్చే ఏడాదికి ఆ ఊరికి సంబంధించిన సొంత సమాచారం చేతికి వస్తుంది.

మాగాణి మినుము కోతల వేళ ఈ పని మొదలుపెట్టి తొలకరికి ముందే ముగించిన ఊరిలో, చిత్తకార్తె వచ్చినా గడ్డివాముల కింద కుక్కపిల్లల మూలుగులు తక్కువగా వినిపిస్తాయి.